జిగ్గులకు, ఫర్మాలకు తగిన పదార్థాన్ని ఎలా ఎంచుకోవాలి?

కుర్చీ కాళ్లు నాలుగూ ఒకే వంపుతో రావాలంటే, కిటికీ తలుపులన్నింటికీ బందులు ఒకే దూరంలో పడాలంటే ముందుగా ఫర్మా (ముక్కలన్నీ ఒకే ఆకారంలో కోయడానికి వాడే నమూనా పలక) గానీ, జిగ్గు (ముక్కను గానీ పనిముట్టును గానీ ప్రతిసారీ ఒకే చోట పట్టి ఉంచే సాధనం) గానీ చేసుకోవాలి. ఫర్మాలోని దోషం దానితో కోసిన ప్రతి ముక్కకూ దిగుతుంది కనుక, చేతికందిన చెక్కతో పని మొదలుపెట్టకుండా పదార్థాన్ని ఆలోచించి ఎంచుకోవాలి.

మొదట, దానితో ఎన్ని ముక్కలు కోయబోతున్నారో, దాని ఏ అంచుకు ఒరిపిడి తగులుతుందో నిర్ణయించుకోండి. రెండు మూడు ముక్కల పనికి హార్డ్‌బోర్డు చాలు. ఏళ్ల తరబడి వాడే జిగ్గుకు అది నిలవదు.

తరువాత, వెడల్పాటి భాగాలకు దుంగ నుంచి కోసిన నిండు చెక్కను వాడకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారుతుంది. వానాకాలం రాగానే అదే గాలి తేమతో నిండుతుంది. చెక్క పొడవునా దాదాపు మారదు గానీ, నారకు అడ్డంగా ఎండాకాలం కుంచించుకుపోయి, వానాకాలం ఉబ్బుతుంది. ఎంత మంచి టేకు అయినా అడుగు వెడల్పు పలకలో ఈ తేడా ఒక మిల్లీమీటరు దాటవచ్చు. మేలో సరిగ్గా కుదిరిన జిగ్గు ఆగస్టులో పట్టేయడానికి కారణం చాలాసార్లు ఇదే.

రూటర్‌తో (వేగంగా తిరిగే బిట్టుతో చెక్క అంచును కోసే యంత్రం) వంపులు కోసే ఫర్మాకు నా ఎంపిక ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక. బిట్టుకు ఉండే బేరింగు (తిరిగే చిన్న చక్రం) ఫర్మా అంచును ఒరుసుకుంటూ నడుస్తుంది. ప్లైవుడ్ అంచులో పొరల మధ్య ఖాళీ ఉంటే బేరింగు అందులోకి దిగి, ఆ గుంట పనిముక్క మీద పడుతుంది. ఎండీఎఫ్‌లో పొరలు లేవు కనుక ఆకురాయితో, శాండ్ పేపర్‌తో అంచును ఎంత నునుపుగానైనా తీర్చవచ్చు. 6 మి.మీ. మందం కొన్ని పనులకు సరిపోయినా, బేరింగు నిలకడగా ఆనడానికి 9 లేదా 12 మి.మీ. మేలు. అయితే నీరు తగిలితే ఇది ఉబ్బి పాడవుతుంది, అంచులో స్క్రూ బిగిస్తే చీలుతుంది. అందుకే అంచుకు పలుచగా లక్క పాలిష్ పట్టించాలి, స్క్రూకు ముందు సన్నని రంధ్రం వేయాలి. కోసేటప్పుడు లేచే దుమ్ము చాలా సన్ననిది. ముక్కుకు మాస్కు లేకుండా ఈ పని చేయవద్దు.

స్క్రూలు, క్లాంపుల బిగువును తట్టుకోవలసిన జిగ్గు ఒంటికి మాత్రం 12 లేదా 18 మి.మీ. ప్లైవుడ్ వాడండి. పొరల నార ఒకదానికొకటి అడ్డంగా ఉండడం వల్ల ఇది రుతువులతో పెద్దగా మారదు. తేమను బాగా తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణపు ముద్ర ఉంటుంది. ముద్ర చూసి ఆగిపోకుండా, షీటును దుకాణంలోనే నిలబెట్టి అంచు వెంట కంటితో చూడండి. వంకర ఉన్నదాన్ని బరువు పెట్టి సరిచేయవచ్చని ఎవరు చెప్పినా కొనవద్దు. పూర్తి షీటు అవసరం లేనివారు మాడ్యులర్ కిచెన్లు చేసే పనివారి వద్ద మిగులు ముక్కలు అడగవచ్చు.

రంపపు బల్ల గాడిలో జారే పట్టీకి అల్యూమినియం పట్టీ గానీ, బాగా ఆరిన నల్లతుమ్మ గానీ మంచిది. పట్టీ సన్నగా ఉంటుంది కాబట్టి ఇక్కడ చెక్క ఉబ్బినా తేడా స్వల్పమే. కింది నార కనబడుతూ కోయవలసిన చోట అక్రిలిక్ షీటు ఉపయోగపడుతుంది, కానీ వేగంగా రంధ్రం వేస్తే వేడికి కరుగుతుంది.

ఫర్మా సిద్ధమయ్యాక దానితోనే మరొకటి కోసుకుని, ఆ రెండోదానితో పని చేయండి. మొదటిదాన్ని గోడకు ఆనించకుండా, సమంగా ఉన్న బల్ల మీద పడుకోబెట్టి, తడి తగలని చోట ఉంచండి.