జీరో షాడో డే: క్యాంపస్‌లో నీడ మాయమయ్యే క్షణాన్ని సరిగ్గా చూపించడం ఎలా?

మే నెలలో విశ్వవిద్యాలయ క్యాంపస్ అంటే సగం ఖాళీ అయిన హాస్టళ్లు, థీసిస్ గడువు తరుముతున్న పరిశోధక విద్యార్థులు, పొద్దు గడవక సైకిళ్ల మీద తిరిగే స్టాఫ్ క్వార్టర్స్ పిల్లలు. వీళ్లందరినీ ఒకచోట చేర్చడానికి సాయంత్రం పాటల పోటీలు, క్రికెట్ మ్యాచ్‌లు ఎలాగూ పెడతారు. వాటికి నేను అడ్డు చెప్పను. కానీ వేసవి మాత్రమే ఇవ్వగల కార్యక్రమం ఒకటుంది. మన ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన వస్తువుకు పక్కన నీడే పడదు. అదే జీరో షాడో డే. మొదటిసారి ఎండాకాలంలో, రెండోసారి వానాకాలంలో. రెండోసారి మబ్బులు చూడనివ్వవు కాబట్టి మనకు దక్కేది ఎండాకాలపుదే. ఢిల్లీ నుంచి వచ్చి చదువుకునే విద్యార్థికి ఇది సొంతూళ్లో ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే సూర్యుడు కర్కాటక రేఖ దాటి ఉత్తరానికి వెళ్లడు.

ఇంత సులువైన కార్యక్రమాన్ని కూడా ఏటా పాడుచేస్తూనే ఉన్నారు. సరిగ్గా పన్నెండింటికి గుంపుగా వస్తారు, నీళ్ల సీసా నేల మీద పెడతారు, ఫొటో తీస్తారు, పోతారు. ఆ ఫొటోల్లో చాలావాటిలో ఉన్నది జీరో షాడో కానే కాదు.

తేదీ, సమయం

మీ క్యాంపస్ అక్షాంశం ఎంతో, సూర్యుడు భూమధ్యరేఖకు అన్ని డిగ్రీలు ఉత్తరాన ఉండే రోజే మీ రోజు. తిరుపతికి ఏప్రిల్ 26 ప్రాంతంలో, అనంతపురానికి ఏప్రిల్ నెలాఖరులో, గుంటూరు పక్కనున్న నాగార్జున విశ్వవిద్యాలయానికి మే 5న, హైదరాబాద్‌కు మే 9న, విశాఖపట్నానికి మే 10న, వరంగల్‌కు మే 11, 12 తేదీల్లో, ఆదిలాబాద్‌కు మే 18, 19 తేదీల్లో వస్తుంది. ఒక రోజు అటూ ఇటూ అయినా కొంప మునగదు. ఈ రోజుల్లో సూర్యుడు రోజుకు పావు డిగ్రీకి కాస్త ఎక్కువగా ఉత్తరానికి జరుగుతాడు. అడుగు ఎత్తు పైపుకు అది మిల్లీమీటరున్నర తేడా. కాబట్టి మే 9న సెలవో మబ్బో అడ్డొస్తే 10న పెట్టుకోండి.

సమయం విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. గడియారంలో పన్నెండు వేరు, సూర్యుడి మధ్యాహ్నం వేరు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టుబడి నడుస్తాయి. హైదరాబాద్ ఆ రేఖకు పడమట ఉంది కాబట్టి అక్కడ మే 9న సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12:12కు. విశాఖ ఆ రేఖకు కాస్త తూర్పున ఉంది కనుక అక్కడ 11:53కే అయిపోతుంది. విశాఖలో పన్నెండింటికి వచ్చినవాళ్లు చూసేది, అప్పుడే తూర్పుకు సాగడం మొదలెట్టిన నీడను. యాప్‌లు అక్కర్లేదు. మీ ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలను స్థానిక పంచాంగంలోనో దినపత్రికలోనో చూసి, రెండింటికీ సరిగ్గా మధ్య సమయం లెక్కకట్టండి. అదే మీ మధ్యాహ్నం.

కావలసినవి

రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, అడుగు పొడవుది. రెండడుగుల చదరపు ప్లైవుడ్ పలక, దానికి కాళ్లుగా మూడు పొడవాటి బోల్టులు. రసమట్టం, మూలమట్టం. పలక మీద పరవడానికి గోధుమరంగు అట్ట కాగితం (తెల్ల చార్టు వద్దు, మే ఎండకు కళ్లు చెదిరిపోతాయి). పెన్సిలు, స్కేలు. చుట్టూ కట్టడానికి తాడు. యాభై మంది వస్తారనుకుంటే ఇలాంటివి మూడు జతలు చేయించండి. ఒకే పైపు చుట్టూ యాభై తలలు వంగితే పైపుకు నీడ ఉందో లేదో దేవుడికే తెలియాలి, ఎందుకంటే అక్కడ పడేవన్నీ తలల నీడలే.

చెట్టూ భవనమూ అడ్డం రాని చోటు చూసుకోండి. షామియానా వేస్తే పలకకు ఇరవై అడుగుల దూరంలో వేయండి. ఎస్టేట్ విభాగానికి ఒక ఉత్తరం, సెక్యూరిటీ వాళ్లకు ఒక మాట. ఇంతే.

అసలు కష్టం: నిటారు

ఇక్కడే అందరూ బోల్తా పడతారు కాబట్టి నెమ్మదిగా చదవండి.

ముందు ఆ సీసా సంగతి. నీళ్ల సీసాకు అడుగుభాగం వెడల్పు, మూత సన్నం. మూత నీడ సీసా భుజం మీదే పడి అక్కడే దాక్కుంటుంది, నేల దాకా రాదు. సూర్యుడు నడినెత్తికి మూడు నాలుగు డిగ్రీల దూరంలో ఉన్నా ఆ సీసాకు నీడ లేనట్టే కనిపిస్తుంది. బోర్లించిన స్టీలు గ్లాసు ఇంకా ఘోరం. దాని గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి కనుక వారం ముందు పెట్టినా వారం తర్వాత పెట్టినా అది జీరో షాడో చూపిస్తుంది. అదే గ్లాసును నిలబెడితే పైఅంచు నీడ అడుగు చుట్టూ ఉంగరంలా పడి, ఆ రోజు కూడా నీడ పోదు. ఒకే వస్తువు బోర్లిస్తే ఎప్పుడూ అవునంటుంది, నిలబెడితే ఎప్పుడూ కాదంటుంది. అందుకే పై నుంచి కింద దాకా ఒకే మందం ఉన్న వస్తువే వాడాలి. పీవీసీ పైపును మించింది లేదు. కర్ర వంకర పోతుంది, ఇనుపచువ్వ నీడ మరీ సన్నం, జెండా కర్ర నిటారుగా ఉందని ఎవరు హామీ ఇస్తారు?

పైపు దొరికింది కదా అని నేల మీద పెట్టేయకండి. డాబా అయినా బాస్కెట్‌బాల్ కోర్టు అయినా వాననీరు పోవడానికి కొద్దిపాటి వాలుతో కడతారు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉంటే కంటికి ఆనదు, కానీ అది అర డిగ్రీకి పైనే. ఒక డిగ్రీ వంగిన అడుగు ఎత్తు పైపుకు అయిదు మిల్లీమీటర్ల నీడ పడుతుంది. సూర్యుడు ఒక డిగ్రీ జరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే మీ పైపు తూర్పుకో పడమరకో ఒక డిగ్రీ వంగితే, నీడ నాలుగు నిమిషాల ముందో వెనకో మాయమవుతుంది. ఉత్తరానికో దక్షిణానికో వంగితే ఆ రోజు అసలు మాయమే కాదు. వచ్చినవాళ్లు సూర్యుణ్ని తప్పుపట్టి వెళ్తారు.

కాబట్టి పలక. కాళ్లు మూడే ఉండాలి. నాలుగు కాళ్ల పలక ఏ నేల మీదా కుదురుగా నిలవదు, మూడు కాళ్లది ఎక్కడైనా నిలుస్తుంది. రసమట్టాన్ని ఒక వైపు పెట్టి బోల్టు తిప్పుతూ బుడగను నడిమికి తెండి. తర్వాత దానికి అడ్డంగా పెట్టి మరో బోల్టు తిప్పండి. మొదటి వైపు మళ్లీ చూడండి, కచ్చితంగా చెదిరి ఉంటుంది. రెండు వైపులా కుదిరేదాకా ఇలాగే. ఇక్కడితో ఆగితే పని సగమే అయినట్టు. రసమట్టాన్ని ఉన్నచోటే తలకిందులు చేయకుండా ఎడమ కొసను కుడికి తిప్పి పెట్టండి. బుడగ మళ్లీ నడిమికే వస్తే మట్టం మంచిది. పక్కకు పోతే రసమట్టమే అబద్ధమాడుతోంది, వేరేది తెప్పించండి. ఫోనులోని మట్టం యాప్‌ను నమ్మకండి. కెమెరా ఉబ్బు వల్ల ఫోను పలక మీద సమంగా ఆనదు.

ఇప్పుడు పైపు. చేతి రంపంతో కోసిన పైపు అడుగు ఎప్పుడూ కాస్త ఏటవాలుగానే ఉంటుంది. దుకాణంలో యంత్రం మీద కోయించుకోండి. పలక మీద నిలబెట్టి మూలమట్టాన్ని ఉత్తరం వైపు ఒకసారి, తూర్పు వైపు ఒకసారి ఆనించి చూడండి. వెలుగు సందు ఎక్కడా కనిపించకూడదు. ఆ తర్వాత పైపును ఉన్నచోటే అర చుట్టు తిప్పి మళ్లీ చూడండి. అప్పుడు సందు కనిపిస్తే అడుగు ఏటవాలని అర్థం, గరుకు కాగితం మీద రుద్ది సరిచేయండి. ఇదంతా పదకొండు గంటలకల్లా ముగియాలి. జనం వచ్చాక బోల్టులు తిప్పుతూ కూర్చుంటే పరువు పోతుంది. తాడు కట్టేయండి, పలకను తాకే హక్కు ఒక్కరికే ఇవ్వండి. ఆ ఒక్కరు పదేళ్ల పిల్ల అయితే మరీ మంచిది. పెద్దవాళ్లకంటే పిల్లలే కాపలా గట్టిగా కాస్తారు.

ఆ అరగంట

మధ్యాహ్నానికి అరగంట ముందు నుంచి అయిదు నిమిషాలకోసారి నీడ కొసను పెన్సిలుతో గుర్తుపెట్టి పక్కన సమయం రాయించండి. గుర్తులు పడమటి నుంచి పైపు వైపు పాకుతూ వస్తాయి. చివరి అయిదు నిమిషాల్లో నిమిషానికోసారి పెట్టండి. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కనుక నీడ అంచు ఎప్పుడూ కొంచెం మసకగానే ఉంటుంది, కత్తితో కోసినట్టు తెగదు. ఈ మాట ముందే చెప్పకపోతే సరిగ్గా ఏ సెకనుకు అన్న వాదన మొదలవుతుంది. ఎవరూ సూర్యుడి వైపు చూడకూడదు. అవసరం కూడా లేదు, చూడాల్సినదంతా పలక మీదే ఉంది. నీడ పోయాక పిల్లల్ని ఎగరమనండి. గాలిలో ఉన్న ఆ కాసేపు తమ నీడ కాళ్ల కిందే విడిగా కనిపించడం వాళ్లకు మహా సరదా.

మజ్జిగ నీడ పోయిన తర్వాతే ఇవ్వాలి. ముందు ఇస్తే జనం షామియానా వదిలి రారు. మంచినీళ్లు మాత్రం మొదటి నుంచీ ఉంచండి. టోపీ, చెప్పులు లేనివాళ్లను రానివ్వకండి. గొడుగులు తాడు అవతలే ఆపండి.

భూమిని కొలవడం

నీడ చూసి ఇంటికి పోతే సగం భోజనమే. మే 9న హైదరాబాద్‌లో పైపుకు నీడ పోయిన రోజే, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలిసినవాళ్లు ఎవరైనా ఇదే పొడవు పైపు పెట్టి, అక్కడి మధ్యాహ్నం 12:09కి నీడ కొలిస్తే దక్షిణం వైపు రెండు సెంటీమీటర్లు వస్తుంది. సూర్యుడు వాళ్లకు ఉత్తరాన ఉన్నాడు కనుక. 30 సెంటీమీటర్ల పైపుకు 2 సెంటీమీటర్ల నీడ అంటే 3.8 డిగ్రీలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్థెనీస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీలు కొలిచి చేసింది ఈ లెక్కే.

రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 425 కిలోమీటర్లు. భూమి చుట్టూ ఉన్న 360 డిగ్రీల్లో ఈ 3.8 డిగ్రీల ముక్క పొడవు అదన్నమాట. కాబట్టి 360ని 3.8తో భాగించి 425తో గుణిస్తే 40 వేల కిలోమీటర్లకు కాస్త పైన వస్తుంది. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008. బస్సు టికెట్ మీది దూరం వేసే మహానుభావులుంటారు. రోడ్డు దూరం 550 కిలోమీటర్లకు పైనే కాబట్టి వాళ్ల భూమి 50 వేలు దాటి ఉబ్బిపోతుంది. ఇంకో రకం తెలివిగలవాళ్లు అక్షాంశాల తేడాను 111తో గుణించి దూరం తెస్తారు. జవాబు కనుక్కోవడానికి ముందే జవాబును వాడుకోవడమది. పటం మీద స్కేలు పెట్టి కొలవండి.

తిరుపతి వాళ్లకు ఫోను ముందు రోజే చేసి, వాళ్ల పలకను కూడా రసమట్టంతో సరిచూశారా అని అడగండి. ఒక్క డిగ్రీ తేడా వస్తే మీ లెక్కలో పాతిక శాతం పోతుంది.