నాలా నీళ్లు పోయాక నా నిద్ర తిరిగొచ్చిన తీరు

2023 జూలై చివర్లో కురిసిన వానలకు హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగి మా టైలరింగ్ షాపులోకి నడుము దాకా నీళ్లొచ్చాయి. రెండు మిషన్ల మోటార్లు, కస్టమర్లు కుట్టడానికి ఇచ్చిన బట్టలు పాడయ్యాయి. వాళ్లందరికీ ఏం చెప్పాలి, మోటార్ల కోసం చేసిన అప్పు ఎలా తీర్చాలన్న టెన్షన్‌తో రాత్రంతా మేలుకునేదాన్ని.

ఎక్కువ పనిచేస్తే బయటపడతాననుకున్నాను. బతుకమ్మ పండుగకు వచ్చిన ప్రతి జాకెట్టూ ఒప్పుకున్నాను. ఒంటిగంట దాకా కుట్టడం, నిద్ర ఆపుకోవడానికి టీ తాగడం, కొలతలు తప్పి మళ్లీ విప్పడం. పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. అదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

ఒకరోజు మా అత్తమ్మ నోటుబుక్కు నా ముందు పెట్టి, "మనసులో లెక్కలెందుకు బిడ్డా, రాయి" అన్నది. రాస్తే మొత్తం అప్పు 46,000 అని తేలింది. నేను రోజూ భయపడుతున్నది లక్ష దాటిందేమోనని! నెలకు ఎంత కట్టగలనో పక్కన రాసుకున్నాక ఆ రాత్రి కాస్త కునుకు పట్టింది.

తర్వాత రోజుకు నాలుగు జాకెట్లే. ఐదోది వస్తే, "శుక్రవారం ఇస్తా అక్కా" అని నిజమైన రోజే చెప్పాను. కొందరు వెళ్లిపోయారు, ఎక్కువమంది ఆగారు. సాయంత్రం నాలుగు దాటితే టీ మానేశాను. ఒంట్లో కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద అరగంట నడక.

సంక్రాంతికి బాబుకు జ్వరమొచ్చి పది రోజులు అన్నీ తప్పాయి. నోటుబుక్కు మాత్రం వదల్లేదు. పదకొండో రోజు మళ్లీ కట్ట మీదికి వెళ్లాను. మోటార్ల అప్పు ఆ తర్వాతి దసరాకు తీరింది.