గ్రీన్ సర్టిఫికెట్ ఉన్న ఇల్లు కొనేవారు చూడవలసినవి

తమ ఫ్లాట్లకు గ్రీన్ సర్టిఫికెట్ (కరెంటు, నీరు ఆదా చేసేలా కట్టిన భవనం అనే గుర్తింపు పత్రం) ఉందని, అందుకే ధర కొంత ఎక్కువని బిల్డరు చెప్పినప్పుడు, ఆ పత్రాన్ని ఏ సంస్థ ఇచ్చిందో, ఏ దశలో ఇచ్చిందో ముందుగా అడగాలి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అనే స్థాయిలలో గుర్తింపు ఇస్తుంది. నిర్మాణానికి ముందు వచ్చే ప్రీ-సర్టిఫికేషన్ నక్షాలను బట్టి ఇచ్చినదే కాబట్టి, దానికి అదనపు ధర చెల్లించడం నా దృష్టిలో తొందరపాటే.

గోదావరి డెల్టాలో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. చెమట ఆరాలంటే గాలి ఆడాలి. మన పెద్దలు మండువా లోగిళ్లు కట్టుకున్నది అందుకే. ఇళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి కూడా, వేడి, తేమ కలిసిన ప్రాంతాలలో బయటి గాలికి తెరుచుకునే కిటికీలు, బాల్కనీ తలుపుల వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం ఉండాలని చెబుతుంది. అంటే వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు సుమారు 167 చదరపు అడుగులు. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కనుక, టేపుతో కొలిచేటప్పుడు ఆ సగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఎదురెదురుగా కిటికీలు లేని గది ఎంత పెద్ద సర్టిఫికెట్ ఉన్నా ఏసీ మీదే ఆధారపడుతుంది.

ఇక ఖర్చు. కరెంటు ఆదా నెలకు 100 యూనిట్లు, యూనిట్ ధర 8.75 రూపాయలు అనుకుంటే (ఆంధ్రప్రదేశ్‌లో 226 నుంచి 400 యూనిట్ల శ్లాబుకు 2022లో నిర్ణయించిన ధర అది), ఏడాదికి మిగిలేది 10,500 రూపాయలు. బిల్డరు అదనంగా రెండు లక్షలు అడిగితే, వడ్డీ మాట వదిలేసినా, అది తిరిగి రావడానికి 19 ఏళ్లు పడుతుంది. అరవై వేలే అడిగితే ఆరేళ్లలోపే వస్తుంది. ఆ అదనపు ధరలో తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కూడా కలిపి ఉంటే వాటిని తీసివేసి బేరమాడండి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకునే చోట ఇవి 30 వాట్లతో తిరుగుతాయి, వీటిని ఏ ఇంట్లోనైనా మనమే బిగించుకోవచ్చు. గోడలు, కిటికీల దిశ, సన్‌షేడ్‌లు మాత్రం తరువాత మార్చలేనివి, కాబట్టి డబ్బు పెట్టవలసింది వాటి మీదే.

సొంత డాబా ఉన్నవారికి పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది. ఫ్లాటులో డాబా ఉమ్మడిది కావడంతో ఆ హక్కు ఎవరిదో సేల్ అగ్రిమెంటులో రాయించుకోవాలి. నరసాపురం, అంతర్వేది వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక, ప్యానెళ్ల స్టాండ్లు గాల్వనైజ్డ్ (జింకు పూత వేసినవి) అవునో కాదో చూడాలి.

బయానా ఇవ్వక ముందు, వీలైతే రోహిణి కార్తెలో సాయంత్రం నాలుగు గంటలకు వెళ్లి, పై అంతస్తు పడకగదిలో పడమటి గోడ మీద లోపలివైపు అరచేయి ఆనించి, ఎండ వేడి ఎంత లోపలికి దిగిందో చూడండి.