మంత్ర కవచం డిజైన్, మూడో పాఠం: ఛార్జ్ ఎప్పుడు నిండాలి, ఏసీ (ఆర్మర్ క్లాస్) జోలికి ఎందుకు వెళ్ళకూడదు

పోయిన పాఠంలో ఆటలో పాత్ర వేసుకునే మంత్ర కవచానికి 10 ఛార్జ్‌లు, అంటే మంత్రశక్తి వాడుకునే వంతులు, పెట్టమన్నాను, ఎగిరినా గుద్దినా అందులోంచి ఒకటో రెండో ఖర్చవ్వాలన్నాను. ఆ 10 అయిపోయాక మళ్ళీ ఎప్పుడు నిండుతాయో మాత్రం చెప్పలేదు. అది చెప్పకపోవడం నా తప్పే, మీరు పంపిన డిజైన్లు చూసాక బాగా తెలిసొచ్చింది. దాదాపు అందరూ "రాత్రి పడుకుంటే నిండిపోద్ది" అని రాసీసారు.

మా టేబుల్ దగ్గరా అదే అయింది. ఆదివారం ఆదివారం విజయనగరంలో మా మేడ మీద ఐదుగురం కూర్చుంటాం, మేం ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేసుకుంటూ ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట, 2014లో వచ్చిన 5వ ఎడిషన్. కవచం వేసుకున్న ప్లేయరు గుహలో మొదటి గదిలోనే పదికి పదీ వాడీసాడు, వాడీసి "ఇంక పడుకుందాం" అన్నాడు. అలా పడుకోవడాన్ని రూల్స్‌లో లాంగ్ రెస్ట్ అంటారు, 8 గంటలు, అదీ 24 గంటల్లో ఒక్కసారే, కాబట్టి అవతల ఊరు తగలబడిపోతున్నా ఈళ్ళు గుహలో దుప్పట్లు పరుచుకుని కూర్చోవాల్సిందే. అందుకని ఈ పాఠంలో రావాల్సిన ఎగిరే బూట్లు వచ్చే పాఠంలో చూద్దాం, ఈరోజు ముందు ఇది సరిచేద్దాం.

ఛార్జ్ నిండటానికి ఒక చోటో, ఒక పనో, ఒక వేళో ఉండాలి, ప్లేయరు దానికోసం ఏదో ఒకటి వదులుకోవాలి. ఉదాహరణలకి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబర్‌లోనూ పొద్దున్న సూర్యకిరణాలు గుడి లోపలికొచ్చి సూర్యనారాయణ స్వామి పాదాల్ని తాకుతాయి కదా, కవచం పాదాలకి అలాగే సూర్యరాయి పెట్టండి. పొద్దున్న మొదటి ఎండ ఆ రాళ్ళ మీద నేరుగా పడితేనే నిండాలి, మబ్బేస్తే ఆ రోజుకి సగమే. ఇప్పుడు గుహలోకి వెళ్ళేవాడు పదీ లెక్కపెట్టుకుని వెళ్తాడు, లోపల ఎన్నాళ్ళుండాలో ముందే ఆలోచిస్తాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది తప్పెటగుళ్ళ కవచం. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ గెంతుతారే, అదే. కవచం ఛాతీ మీద తప్పెట ఉంటాది, ఒక రౌండు (పోరాటంలో అందరికీ ఒక్కో వంతు వచ్చే చుట్టు) యాక్షన్, అంటే ఆ వంతులో చేసే అసలు పని, మొత్తం పెట్టి వాయిస్తే ఒక ఛార్జ్ నిండుద్ది. ఒక్కటే. రెండు చేతులూ దానికే పోతాయి కాబట్టి కత్తీ ఉండదు, డాలూ ఉండదు, ఆ చప్పుడికి పక్క గదిలో ఉన్నవాళ్ళు లేచొస్తారు. ఇది పెట్టిన రోజు నుంచీ మా టేబుల్ మీద "వాయించాలా వద్దా" అని ఐదుగురూ కలిసి మాట్లాడుకుంటున్నారు, కవచం ఒక్కడి సొంత వ్యవహారం కాకుండా పోయింది. పైడితల్లి సిరిమాను చూసినవాళ్ళకి ఇంకో ఐడియా తడుతుంది. అంత పొడుగు మాను కొసన మనిషిని పైకి లేపారంటే మాను మొదలు దగ్గర బలంగా పట్టుండాలి. అందుకని బరువులెత్తే మంత్రపు చెయ్యి పెడితే, ఎత్తినంతసేపూ కాళ్ళు నేలకి పాతుకుపోవాలి, ఒక్క అడుగు కూడా కదలకూడదు.

ఛార్జ్ సున్నా అయితే ఏటవ్వాలో కూడా రాసుకోండి. ఒళ్ళంతా ఇనప రేకులుండే ప్లేట్ కవచం 65 పౌన్లు, అంటే 29 కిలోల పైనే, స్ట్రెంగ్త్ (పాత్ర బలానికి అంకె) 15 లేనివాడు వేసుకుంటే వేగం 10 అడుగులు తగ్గుద్దని రూలు ఉండనే ఉంది. ఛార్జ్ ఉన్నంతవరకూ ఆ రూలు వర్తించదనండి, సున్నా అవ్వగానే వర్తిస్తుందనండి. కొత్త రూలు ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏసీ, అంటే మనకి దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె. కొట్టేవాడు డి ట్వంటీ, అంటే 20 ముఖాల డైస్, వేసి పడిన అంకెకి తన అటాక్ బోనస్ కలుపుతాడు, మొత్తం ఏసీకి సమానంగానో ఎక్కువగానో వస్తే దెబ్బ తగులుద్ది. మీ డిజైన్లలో ఏసీకి 3 కలిపినవాళ్ళు ఉన్నారు, 5 కలిపినవాళ్ళు ఉన్నారు, ఒకరైతే ఛార్జ్‌కి 1 చొప్పున కలుపుకోవచ్చన్నారు. దయచేసి వద్దు. ఎందుకో లెక్కేసి చూపిస్తాను, ఓపిగ్గా చదవండి.

ప్లేట్ వేసుకుంటే ఏసీ 18. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి అటాక్ బోనస్ 4, అంటే డైస్ మీద 14 గానీ ఆ పైన గానీ పడాలి, 20 ముఖాల్లో 7 ముఖాలు, 35 శాతం. డాలు పట్టుకుంటే ఏసీ 20, ఇప్పుడు 5 ముఖాలు. దానికి మీ మంత్రం 3 కలిపితే 23, మిగిలింది 2 ముఖాలు. ఇంకొక్కటి కలిపితే 24, ఒకే ఒక్క ముఖం. ఆ తరవాత ఎంత కలిపినా దండగే, 20 పడితే ఎలాగూ తగులుద్ది. ఇక్కడ గమనించండి, 18 నుంచి 19కి వెళ్తే 7 ముఖాలు 6 అయ్యాయి, దెబ్బలు ఏడో వంతు తగ్గాయి. 23 నుంచి 24కి వెళ్తే 2 ముఖాలు 1 అయింది, దెబ్బలు సగానికి సగం పోయాయి. రెండు చోట్లా కలిపింది ఒకటే! "ఒక్క పాయింటే కదా" అని మీరు అనుకుంటారు గానీ అప్పటికే ఎత్తులో ఉన్నవాడికి ఆ ఒక్కటీ చాలా పెద్దది.

ఇంతటితో అయిపోతే ఫర్లేదు. కవచం వాడికి ఏదీ తగలట్లేదని జీఎం (ఆట నడిపేవాడు) ఏం చేస్తాడు, బోనస్ 11 ఉన్న శత్రువుని తెస్తాడు. దానికి ఏసీ 24 మీద 13 పడితే చాలు, 40 శాతం, ఆట మళ్ళీ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ అదే గదిలో ఏసీ 12తో మాంత్రికుడు ఉంటాడు. గాబ్లిన్ అయితే వాడికి 65 శాతం తగిలేది. ఈ కొత్తదానికి డైస్ మీద 1 పడితే తప్ప ప్రతిసారీ తగులుద్ది, 95 శాతం. మా దగ్గర మాంత్రికుడు మా పిన్ని కొడుకు. రెండో రౌండుకే పడిపోయాడు. షీటు పక్కన పెట్టేసి, "అన్నియ్యా, ఆడు కవచం ఏసుకుంటే నానెందుకు సచ్చిపోవాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఏసీ కలిపే రూలు కొట్టేసాను, మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు.

మరి కవచం కాపాడాలి కదా అంటే, దెబ్బ తగలనివ్వండి, తగిలాక ఆపండి. నేను వాడేది ఇది: దెబ్బ తగిలినప్పుడు రియాక్షన్‌గా, అంటే తన వంతు కాకపోయినా వెంటనే చేసే పనిగా, ఒక ఛార్జ్ ఖర్చుపెట్టి డి టెన్ (పది ముఖాల డైస్) వెయ్యాలి, ఎంత పడితే అంత డ్యామేజ్ తగ్గుద్ది. డి టెన్ సగటు 5.5. గాబ్లిన్ కత్తి దెబ్బ డి సిక్స్‌కి 2 కలిపితే సగటు అదీ 5.5. అంటే సుమారుగా ఒక ఛార్జ్ ఒక గాబ్లిన్ దెబ్బని మింగుద్ది. ఓగర్ అనే పెద్ద రాక్షసుడి దుడ్డుకర్రకి సగటు 13, దానికి ఒక్క ఛార్జ్ చాలదు, అక్కడ భయం అలాగే ఉంటాది. రియాక్షన్ రౌండుకి ఒక్కటే కాబట్టి ముగ్గురు ఒకేసారి మీద పడితే ఏ దెబ్బ ఆపుకోవాలో ఎంచుకోవాలి. పక్కన మాంత్రికుడి ఏసీ ఎంత ఉన్నా వాడికి ఏ నష్టమూ లేదు.

ఛార్జ్‌లు పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కెయ్యకండి, చెరిపినవి చెరగనివి గొడవ వస్తాది. మేం పలాస జీడిపప్పులు పది పెడతాం, ఖర్చయింది తినీడమే. నిండినప్పుడు డబ్బాలోంచి ఒకటి తీసి పెడతాం. ఎంత మిగిలిందో టేబుల్ చుట్టూ అందరికీ కనపడుద్ది, అది చాలా ముఖ్యం.

అభ్యాసం. ఏసీ 18 దాటకుండా ఒక కవచం చెయ్యండి, మూడు శక్తులు చాలు. ఛార్జ్ నిండే పద్ధతి మీ ఊళ్ళో మీరు కళ్ళతో చూసిన దాన్నుంచే తియ్యాలి, అరసవల్లి, తప్పెటగుళ్ళు నేను చెప్పీసాను కాబట్టి అవి వద్దు. తరవాత ఒక్కరే కూర్చుని కాగితం మీద ఆడండి, కవచం వాడు, పక్కన ఏసీ 12 మాంత్రికుడు, ఎదురుగా ఐదుగురు గాబ్లిన్లు. నిజంగా డైస్ వేసి ఆరు రౌండ్లు, పడిన ప్రతి అంకె రాసుకుంటూ మూడుసార్లు. ఆ మూడూ కవచం లేకుండా మళ్ళీ. ఆఖర్న ఒక ఓగర్‌తో ఒకసారి. రెండు మూడు గంటలు పడుద్ది, పట్టనివ్వండి. మూడు పోరాటాల్లోనూ చివరికి నాలుగు కంటే ఎక్కువ ఛార్జ్‌లు మిగిలిపోతే 10ని 6 చేసి మళ్ళీ ఆడండి. మాంత్రికుడు ఏ రౌండులో పడిపోయాడో కవచం ఉన్నప్పుడూ లేనప్పుడూ పక్కపక్కన రాసి ఉంచుకోండి, ఎగిరే బూట్ల పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడతాను.