ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) సొంతంగా నేర్చుకుందాం – 4వ పాఠం: మిర్చి పట్టీతో నార్మలైజేషన్

పోయిన పాఠంలో డేటాకీ ఇన్ఫర్మేషన్‌కీ తేడా చూశాం, ఈసారి నార్మలైజేషన్, అంటే ఒకే సంగతి పదిచోట్ల రాయకుండా పెద్ద పట్టికని చిన్న పట్టికలుగా విడగొట్టడం. ఎంబీఏలో ఈ పేరు వింటేనే నాకు టెన్షన్. నిర్వచనాలు బట్టీ కొట్టి మిడ్ పరీక్షకి వెళ్లా, తీరా ఓ పట్టిక ఇచ్చి విడగొట్టమంటే చేతులెత్తేశా. అందుకే పుస్తకం పక్కన పెట్టి ఓ తెల్లకాగితం తీసుకోండి. గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో కూర్చున్నాం అనుకుందాం.

గుమాస్తా ఎక్సెల్‌లో ఒక్కటే షీట్ పెట్టాడు: పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) నంబరు, తేదీ, రైతు పేరు, ఊరు, సెల్ నంబరు, సరుకు. సరుకు గడిలో ‘తేజ 20 టిక్కీలు, బాడిగ 12’ అని రెండు మిర్చి రకాలూ, వాటి టిక్కీలూ (బస్తాలు) కలిపి కుక్కేశాడు. ఈ వారం తేజ మొత్తం ఎంత వచ్చిందని యజమాని అడిగితే ఇక వేళ్ల మీద లెక్కే. తేజకో వరుస, బాడిగకో వరుస రాస్తే అది ఫస్ట్ నార్మల్ ఫామ్. అంతే, దీని మీద ఎక్కువ టైం పెట్టకండి.

అలా రాయగానే ఇంకో తలనొప్పి మొదలవుతుంది. ఇప్పుడు ఒక వరుసని గుర్తుపట్టాలంటే పట్టీ నంబరు, రకం రెండూ కలిపి చూడాలి, అదే మన ప్రైమరీ కీ. టిక్కీలు ఎన్నో తెలియాలంటే రెండూ కావాలి, తేదీకి మాత్రం పట్టీ నంబరు ఒక్కటే చాలు. కీలో సగం మీదే ఆధారపడిన తేదీని, రైతు వివరాలనీ తీసి పట్టీల టేబుల్లో వేస్తే సెకండ్ ఫామ్. అయినా ఫిరంగిపురం రైతు సీజన్లో నలభై పట్టీలు రాయించి, తర్వాత సెల్ నంబరు మార్చాడంటే నలభై చోట్ల దిద్దాలి, ఒక్కచోట మర్చిపోయామా, ఏది అసలు నంబరో ఎవరికీ తెలీదు. నంబరు రైతుది, పట్టీది కాదు. అందుకని రైతులకి విడిగా ఓ టేబుల్, పట్టీలో రైతు కోడ్ మాత్రమే. ఇది థర్డ్ ఫామ్. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో పట్టికల పద్ధతి చెప్పి, ఈ రెండో, మూడో మెట్లని 1971లో చేర్చాడు.

ఇప్పుడు అందరూ పడే గోతి (నేనూ పడ్డా, మార్కులు పోయాయి). ఇంత ఉత్సాహంలో ఉంటాం కదా, రకాలకీ ఓ టేబుల్ గీసి, తేజ పక్కనే క్వింటా రేటు కూడా రాసేస్తాం. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ యార్డులో రేటు సరుకుని చూసి లాట్‌కి లాట్‌కి మారుతుంది, రేపు పొద్దున ఆ గడిలో కొత్త రేటు కొట్టగానే పోయిన నెల పట్టీల మొత్తాలన్నీ మారి కూర్చుంటాయి! రైతు చేతిలో ఉన్న కాగితం ఒకటి చెబుతుంది, కంప్యూటర్ ఇంకోటి. అమ్మిన రేటు రకానిది కాదు, ఆ అమ్మకానిది. కాబట్టి రేటు కూడా టిక్కీలూ తూకమూ ఉన్న వరుసలోనే ఉండాలి.

వచ్చే పాఠం లోపు ఇది గీసి చూడండి: ఒకే పట్టీలో తేజ రెండు లాట్లుగా, రెండు రేట్లకి అమ్ముడుపోయింది. మనం పెట్టుకున్న కీ నిలబడుతుందా?