రీమేక్‌లో పాత్ర రూపం మారితే వాదన ఎలా నడపాలి

రీమేక్‌లో నటీనటుల ఎంపిక గురించి మాట మొదలైతే చాలు, పది నిమిషాల్లో అది తగవుగా మారుతుంది. రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూటగా కట్టి విసురుకోవడమే దీనికి కారణమని నా నమ్మకం. మొదటిది కథకు సంబంధించింది: ఈ పాత్ర జాతి, కులం, ప్రాంతం, ఒంటి రంగు ఈ కథలో ఏం పని చేస్తున్నాయి? రెండోది మనుషులకు సంబంధించింది: ఈ వేషం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కకుండా పోయింది? ఒకదానికి దొరికిన జవాబు రెండోదానికి సరిపోదు. రెండింటినీ విడదీసి ఒకదాని తరవాత ఒకటి చర్చకు పెట్టాలి. అది ఎలాగో చెబుతాను.

నేను చెన్నై సాలిగ్రామంలో ఉంటాను. తమిళ సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాయడం నా వృత్తి. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలూ, ఉద్యోగాల కోసం కొత్తగా వచ్చిన పిల్లలూ కలిసి నెలకో ఆదివారం సాయంత్రం మా మేడ మీద కూర్చుని సినిమాల గురించి మాట్లాడుకుంటాం. ఆ చర్చ నడిపే పని నాది.

మాతృకనూ రీమేక్‌నూ రెండూ పూర్తిగా చూసినవాళ్లే ఆ రోజు మాట్లాడాలి. ట్రైలర్ చూసి వచ్చినవాళ్లు వినవచ్చు, అంతే. ఈ నియమం దగ్గర మాత్రం మొహమాట పడకండి. జంట సినిమాలను ఎంచుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. అందరూ ముందే కోపం తెచ్చుకుని ఉన్న జంటతో మొదలుపెడితే ఎవరూ ఎవరి మాటా వినరు. 2023 నాటి 'ద లిటిల్ మెర్మెయిడ్'లో నల్లజాతి నటి హ్యాలీ బెయిలీ జలకన్యగా వేయడం మీద ఆ సినిమా చూడనివాళ్లకు కూడా గట్టి అభిప్రాయాలున్నాయి. కాబట్టి తొలిసారి 'దృశ్యం' తీసుకోండి. 2013లో వచ్చిన మలయాళ మాతృకలో జార్జికుట్టి క్రైస్తవుడు. తెలుగులో అతను రాంబాబు, తమిళ 'పాపనాశం'లో సుయంబులింగం, హిందీలో విజయ్ సాల్గావ్‌కర్. ఇంట్లో జరిగిన ఒక చావును దాచడానికి, ఆ సమయంలో తాము ఊళ్లోనే లేమని పోలీసులను నమ్మించాలి. అందుకు మలయాళంలో ఆ కుటుంబం క్రైస్తవ ధ్యాన కూటానికి వెళ్లామని చెబుతుంది. హిందీకి వచ్చేసరికి అది పణజీలో స్వామీజీ సత్సంగం అయింది. అయినా కథ ముడి వదులు కాలేదు. ఆ కుటుంబం ఏ దేవుణ్ని నమ్ముతుందన్నదానితో పోలీసులకు పని లేదు, వాళ్లను నమ్మించాల్సింది తేదీల విషయంలోనే. గుర్తింపు మారినా కథ నిలబడుతుందని ఒక్క సాయంత్రంలో అందరికీ తెలిసివస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఆ తరవాత అసలు సాధన. ఒక కాగితం మధ్యలో గీత గీయండి. పాత్ర ఫలానా జాతి లేదా కులం కావడం వల్లనే నడిచే సన్నివేశాలు ఎడమవైపు, ఎవరైనా నడిచే సన్నివేశాలు కుడివైపు రాయించండి. అభిప్రాయాలు వద్దు, సన్నివేశాలే కావాలి. మరాఠీ సినిమా 'సైరాట్'కు ఈ పని చేస్తే ఎడమవైపు నిండిపోతుంది. పైకులపు పాటిల్ ఇంటి అమ్మాయి, చేపలు పట్టే ఇంటి అబ్బాయి అన్న తేడా లేకపోతే వాళ్లు పారిపోవాల్సిన అవసరమే లేదు, ఆ ముగింపూ లేదు. దాని హిందీ రీమేక్ 'ధడక్' 2018లో వచ్చింది. కథ ఉదయపూర్‌కు మారింది. మారడంలో తప్పు లేదు. కులం మాట మాత్రం దాదాపు వినబడకుండా పోయింది. ఆ సినిమా మీద వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం దీని గురించే, అది న్యాయమైన విమర్శ అని నేనూ అంటాను.

జలకన్య కథకు అదే కాగితం పట్టండి. ఇక్కడ నిజాయతీ కావాలి. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో రాసిన మూలకథలో జలకన్య చర్మం గులాబీ రేకులా ఉంటుందనీ, కళ్లు సముద్రమంత నీలమనీ వర్ణన ఉంది. అవతలివాళ్లు చూపించకముందే మీరే ఆ మాట చెప్పండి. తరవాత అడగండి: ఆ చర్మం రంగు వల్ల నడిచిన సన్నివేశం ఏది? ఆమె గొంతు వదులుకుంటుంది, కాళ్లు తెచ్చుకుంటుంది, ఒక మనిషిని ప్రేమిస్తుంది. ఎడమవైపు ఖాళీగానే ఉంటుంది. ఆండర్సన్ కథలో ఆమెకు రాకుమారుడు దక్కడు. 2023 రీమేక్‌కు మాతృక అయిన 1989 నాటి డిస్నీ సినిమా పెళ్లి చేసి పంపింది. కథ ముగింపునే తిరగేస్తే అభ్యంతరం చెప్పనివాళ్లు ఒంటి రంగు దగ్గర ఎందుకు ఆగారని అడగడం సబబే. గొంతు పెంచకుండా అడగండి.

మా మేడ మీద ఈ పద్ధతి బాగా పనికొచ్చింది 'ఫారెస్ట్ గంప్', 'లాల్ సింగ్ చడ్డా' జంటకు. 1994 నాటి మాతృకలో ఫారెస్ట్ స్నేహితుడు బుబ్బా నల్లజాతి యువకుడు. వాళ్ల అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి తెల్లవాళ్ల బల్లల దగ్గర రొయ్యలు వడ్డిస్తూ తెర మీద వరసగా కనిపిస్తారు. బుబ్బా యుద్ధంలో చనిపోతాడు. ఫారెస్ట్ రొయ్యల వ్యాపారంలో అతని వాటా తల్లికి పంపుతాడు. తరవాతి దృశ్యంలో ఆమె కూర్చుని ఉంటే ఒక తెల్ల మహిళ ఆమెకు రొయ్యలు వడ్డిస్తుంది. కొన్ని క్షణాల దృశ్యం, కొన్ని తరాల లెక్క. 2022లో వచ్చిన హిందీ రీమేక్‌లో ఆ స్నేహితుడు బోడిపాలెం బాలరాజు. ముందు విజయ్ సేతుపతిని అనుకున్నారు, చివరికి నాగచైతన్య వేశాడు. బాలరాజు ధ్యాస అంతా లోదుస్తుల వ్యాపారం మీద, అతను మరణించేది కార్గిల్‌లో.

మాలో బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన సంతోషంగా అన్నారు: "చెన్నైలో చదువుకున్న మన తెలుగు కుర్రాడికి హిందీలో అంత మంచి వేషం ఇచ్చారు. ఇంకేం కావాలమ్మా?" పక్క వీధిలో ఉండే ఇంజినీరింగ్ అమ్మాయి వెంటనే అంది: "వేషం ఇవ్వడం మంచిదే బాబాయిగారూ. మరి బుబ్బా వాళ్లమ్మ పడ్డ చాకిరీ ఏమైంది? ఆ బాధ ఈ బాలరాజుకు ఎక్కడుంది?" ఆయన నొచ్చుకున్నారు, ఆమె స్వరం పెంచింది. ఇలాంటి చోటే చర్చ నడిపేవాళ్లు లేచి నిలబడాలి. ఆయన చెప్పింది రెండో ప్రశ్నకు జవాబు, ఆమె అడిగింది మొదటి ప్రశ్న. ఇద్దరి మాటా నిజమే, ఒకరి మాట రెండోవారిది కొట్టేయదు. ఆ సంగతి చెప్పి కాగితం ముందు పెట్టాను. అప్పుడు పెద్దాయనే అడిగారు, మన దేశంలో బుబ్బా ఎవరై ఉండాలమ్మా అని. తరతరాలుగా ఇంకొకరి పొలంలోనో ఇంట్లోనో చాకిరీ చేసిన కుటుంబం నుంచి రావాలని ఆమె చెప్పింది. ఆ సాయంత్రానికి అంతకన్నా మంచి ప్రశ్న రాలేదు.

ఇక రెండో ప్రశ్న, వేషం ఎవరికి దక్కిందన్నది. దీనికి చరిత్ర తెలియకుండా మాట్లాడితే గాలిలో కత్తి తిప్పినట్టే. 1937 నాటి 'ద గుడ్ ఎర్త్' చైనా రైతు కుటుంబం కథ. చైనా సంతతికి చెందిన అన్నా మే వాంగ్ అప్పటికే హాలీవుడ్‌లో పేరున్న నటి. కానీ నాయకుడు తెల్లజాతి నటుడు పాల్ మూని. వేర్వేరు జాతులవాళ్ల మధ్య ప్రేమను తెర మీద చూపకూడదని నాటి హాలీవుడ్ నియమావళి నిషేధించింది. దాంతో నాయిక వేషం యూరప్ నుంచి వచ్చిన లూయీజ్ రైనర్‌కు వెళ్లింది, ఆస్కార్ కూడా వచ్చింది. "నల్లవాళ్ల పాత్ర తెల్లవాళ్లు వేస్తే ఊరుకుంటారా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఈ ఉదాహరణ ఇవ్వండి. దశాబ్దాల పాటు జరిగింది అదే. ఒకవైపు తలుపు నియమం పెట్టి మరీ మూసి ఉంచారు, రెండోవైపు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. రెండింటినీ ఒకే త్రాసులో తూచలేం.

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జంట 'వెస్ట్ సైడ్ స్టోరీ'. 1961 సినిమాలో ప్యూర్టో రికో అమ్మాయి మరియాగా వేసిన నటాలీ వుడ్ రష్యన్ వలస కుటుంబంలో పుట్టింది. పాటలు పాడిన గొంతు మార్నీ నిక్సన్‌ది. అనీటాగా వేసిన రీటా మొరేనో మాత్రం నిజంగా ప్యూర్టో రికోలో పుట్టిన నటి. అయినా ఆమె ముఖానికి కూడా ముదురు గోధుమ రంగు పులిమారు. ప్యూర్టో రికోవాళ్లలో అన్ని ఛాయలవాళ్లూ ఉంటారు, మా అందరికీ ఒకే రంగు పూశారని ఆమె తరవాత ఎన్నోసార్లు చెప్పింది. 2021లో స్పీల్‌బర్గ్ మళ్లీ తీసినప్పుడు ఆ పాత్రలకు లాటిన్ అమెరికా మూలాలున్న నటులనే తీసుకున్నాడు. అనీటా వేషానికి అప్పుడు మొరేనోకూ, ఇప్పుడు అరియానా డెబోస్‌కూ ఆస్కార్లు వచ్చాయి. కొత్త మరియా రేచల్ జెగ్లర్ తల్లి మూలాలు కొలంబియాకు చెందినవి, ప్యూర్టో రికోకు కాదు. ఇలా తరచుకుంటూ పోతే ఎక్కడ ఆగాలన్న వాదన వస్తుంది, రానివ్వండి. నా మటుకు, ఇంతకాలం తలుపు బయట నిలబడిన సమూహంలో ఎవరో ఒకరు లోపలికి వస్తే చాలు. జనన ధృవపత్రం అడగను. మన మద్రాసులోనే 1957లో 'మాయాబజార్' తీసినప్పుడు అభిమన్యుడు తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. శశిరేఖ మాత్రం రెండింటిలోనూ సావిత్రే. గుంటూరు జిల్లాలో పుట్టిన ఆమెను తమిళులు నడిగైయర్ తిలగం అని నెత్తిన పెట్టుకున్నారు.

ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నేను మాటలు రాసే సినిమాల్లో నాయిక తరచు ఉత్తరాది నుంచి వచ్చిన తెల్లని అమ్మాయి. తమిళంలో పలికేదీ ఆమె గొంతు కాదు, తెలుగులో పలికేదీ కాదు. ఆమె పెదవులు కలిసిన చోట ప, బ, మ పడేలా నేను మాట కూర్చుతాను. డబ్బింగ్ థియేటర్ చీకట్లో ఒక చామనచాయ అమ్మాయి ఆ మాటకు ప్రాణం పోస్తుంది, ఏడ్చే సన్నివేశానికి నిజంగానే ఏడుస్తుంది. భాష ఆమెదే, నటనా ఆమెదే, తెర మీద మాత్రం ఆమెకు చోటు లేదు. హాలీవుడ్ గురించి ఆవేశంగా మాట్లాడేవాళ్లను ఈ సంగతి కూడా చర్చలోకి తెమ్మని అడగండి. ఎత్తిపొడవడానికి కాదు, ప్రశ్న మన ఇంట్లో ఏ రూపంలో ఉందో తెలియడానికి.

కథకు న్యాయం జరిగి, అవకాశం దగ్గర అన్యాయం జరిగే సందర్భాలుంటాయి. 2025లో వచ్చిన 'ధడక్ 2' తమిళ 'పరియేరుం పెరుమాళ్'కు రీమేక్. మొదటి 'ధడక్' వదిలేసిన కులాన్ని ఇది కథ మధ్యలో నిలబెట్టింది. కానీ నాయకుడు సిద్ధాంత్ చతుర్వేది ముఖానికి నలుపు పూశారని విమర్శ వచ్చింది. ఒకే మార్కు వేయాలంటే ఈ సినిమా దగ్గర ఎవరైనా తికమక పడతారు. రెండు ప్రశ్నలకూ వేర్వేరుగా జవాబు చెబితే ఆ ఇబ్బందే లేదు.

ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో కూడా గమనించండి. జపాన్ యానిమేషన్ 'ఘోస్ట్ ఇన్ ద షెల్'ను 2017లో హాలీవుడ్ తీసినప్పుడు నాయికగా తెల్లజాతి నటి స్కార్లెట్ జొహాన్సన్ ఎంపికను మాతృక దర్శకుడు మమోరు ఒషీ సమర్థించాడు. అమెరికాలోని ఆసియా సంతతి నటులు తీవ్రంగా వ్యతిరేకించారు. జపాన్‌లో ఉన్నవాళ్లకు రోజూ తెర మీద తమ ముఖాలే కనిపిస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఆ ఒక్క అవకాశమే అరుదు. చెన్నైలో తెలుగువాళ్లుగా బతుకుతున్న మాకు ఇది చెప్పకుండానే అర్థమైంది.

"మంచి నటుడైతే ఏ వేషమైనా వేస్తాడు" అన్న మాట వస్తే కాదనకండి. ఆ స్వేచ్ఛ ఇంతవరకూ ఎవరెవరికి ఇచ్చారో పేర్లు చెప్పమనండి చాలు. "నా చిన్ననాటి సినిమాను పాడు చేశారు" అనేవాళ్ల మీద విరుచుకుపడవద్దు. పాత సినిమా మీద ప్రేమ తప్పు కాదు, అది అలాగే ఉంది, ఇప్పటికీ చూడవచ్చు. నటి ముక్కు గురించో జుట్టు గురించో ఎవరైనా వెకిలి మాట అంటే మాత్రం ఆ క్షణమే ఆపండి. పెద్దవాళ్లయినా సరే. మా మేడ మీద ఈ ఒక్క విషయంలో రెండో అవకాశం ఇవ్వను.

చివర్లో ఓటింగ్ పెట్టకండి. ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చి రెండు వాక్యాలు రాయమనండి: కథ ఏం పోగొట్టుకుంది లేదా సంపాదించుకుంది, వేషం ఎవరికి దక్కింది. చీటీలు బయటికి చదవండి. రెండూ కలగలిసిపోయిన వాక్యం దొరికితే, రాసినవారినే విడదీసి చెప్పమనండి. ఇదంతా అలవాటయ్యాక 'అసురన్', 'నారప్ప' జంట తీసుకోండి. 2019 నాటి తమిళ సినిమాను పూమణి నవల ఆధారంగా వెట్రిమారన్ తీశాడు. 2021లో శ్రీకాంత్ అడ్డాల తెలుగులో దాన్ని అనంతపురం నేల మీదికి తెచ్చాడు. ధనుష్ చోట వెంకటేశ్ ఉన్నాడు. రెండూ ఒకే వారంలో చూసి రమ్మనండి, ఎడమవైపు గడిలో కనీసం రెండు సన్నివేశాలు రాసుకుని రమ్మనండి.