కలరా చుక్కలు వేయడానికి వీధిలోకి దిగే ముందు

ఈశాన్య రుతుపవనాల వానలు పడితే తిరుపతి ఎలా నీట మునుగుతుందో 2021 నవంబరులో చూశాం. మురుగునీరు తాగునీటి పైపులోకి జొరబడిందంటే కలరా భయం మొదలైనట్టే. అలాంటప్పుడు వార్డువార్డుకీ నోటి టీకా వేయమని పైనుంచి ఉత్తర్వు వస్తే, ఆశా అక్కలూ, కొత్తగా సాయానికి వచ్చే పిల్లలూ తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పల్స్ పోలియో అలవాటు కొద్దీ "ఐదేళ్లలోపు పిల్లలున్నారా?" అని మాత్రమే అడగొద్దు. ఏడాది నిండిన పాప నుంచి ముసలవ్వ దాకా అందరికీ ఇదే మందు, అందరికీ 1.5 మిల్లీలీటర్లే. గర్భిణులకూ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండో డోసుకు కనీసం 14 రోజులు ఆగాలి. టీకా చాలక 2022 అక్టోబరులో కలరా వ్యాపించిన దేశాల్లో ఒక్క డోసుతోనే సరిపెట్టాల్సి వచ్చింది. అంత విలువైన మందు మనది, ఒక్కటీ వృథా కానివ్వొద్దు.

మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందా, ఇక పనికిరాదు. ఐస్ ప్యాకుకు నేరుగా తగలనివ్వకండి. వేసే ముందు బాగా కుదపండి. రుచి బాగుండదు. పిల్లలు బుగ్గలో పెట్టుకుని, మనం అటు తిరగ్గానే అమ్మ కొంగులో ఉమ్మేస్తారు. నోరు తెరిపించి, మింగాడని చూశాకే వేలికి సిరా గుర్తు పెట్టండి. పైన రెండు గుక్కలు మంచినీళ్లు తాగించండి.

అసలు చిక్కు తాళం వేసిన తలుపులది. పోలియో డ్యూటీలో ఒకసారి తిరుపతిలోని జీవకోనలో ఒకే ఇంటికి పొద్దున పది గంటలకు రెండు రోజులు వెళ్లాను. రెండు రోజులూ తాళమే. పక్కింటామె చెప్పింది: "పూలమ్మే వాళ్లు మేడమ్, చీకటితోనే వెళ్లిపోతారు." రాత్రి ఎనిమిదికి వెళితే గడపలో ముగ్గురు పిల్లలు అన్నం తింటున్నారు. పూలవాళ్లు, లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్లు, హోటల్ వంటవాళ్లు, ఆటో అన్నలు పగలు దొరకరు. కానీ వేలమంది యాత్రికులకు తిండీ నీళ్లూ అందించేది వీళ్ల చేతులే. తాళం ఉన్న ఇంటికి సుద్దతో గుర్తు పెట్టి, ఏ వేళకు ఉంటారో పక్కవాళ్లను అడిగి రాసుకోండి. పొద్దున ఆరింటికి ముందో, రాత్రి ఏడు దాటాకో ఇంకో విడత తిరగాలి. బస్టాండు దగ్గరా, కూరగాయల మార్కెట్ దగ్గరా తెల్లవారుజామునే ఒక బల్ల వేస్తే చాలామంది అక్కడే దొరుకుతారు.

టీకా వేసిన మరునాడే రక్షణ రాదు, వారం రోజులైనా పడుతుంది. ఈలోగా నీళ్లు కాచి తాగాలని ప్రతి ఇంట్లో నిలబడి చెప్పండి. మీ సంచిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. ఎవరికైనా బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు కనిపిస్తే, ప్యాకెట్ మీద రాసినంత నీటిలో కలిపి అక్కడికక్కడే తాగించడం మొదలుపెట్టి, ఆటో పిలిచి రుయా ఆసుపత్రికి పంపండి. దారిలోనూ గుక్కగుక్కగా తాగిస్తూనే ఉండమనండి.